నేను చదవని రెండు మాటలు

ఆ ఇంటికి మేం మొదటిసారి వెళ్ళింది చుట్టాల కోసం. మా ఆడపడుచు కుటుంబం న్యూజెర్సీ నుంచి హెర్న్‌డన్‌లోని మా ఇంటికి వచ్చింది. ఎవరొచ్చినా వాషింగ్టన్ తీసుకెళ్ళి అవే మ్యూజియాలు చూపించడం మావారికి విసుగొచ్చి, ఈసారి కొత్త చోటు వెతికారు. దక్షిణంగా రెండు గంటలు డ్రైవ్ చేస్తే, ఈ దేశానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన ఒకాయన ఇల్లు ఉంది. పొగాకు, గోధుమ పండించిన పెద్ద ప్లాంటేషన్ మధ్యలో కట్టిన ఇల్లు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూసి రావచ్చు.

ఎర్ర ఇటుక గోడలు, తెల్లటి స్తంభాలు. వరండాలో నిలబడితే పడమటి వైపు కొండలు నీలంగా, వరసగా కనిపిస్తాయి. గైడు మమ్మల్ని గది గదికీ తిప్పాడు. అధ్యక్షుడు చదువుకున్న గది, రాసుకున్న బల్ల, భోజనాల గదిలో పింగాణీ పళ్ళేలు చూపించాడు. ఇల్లు మొదట కట్టించింది ఆయన తండ్రి. కొడుకు దాన్ని పెద్దది చేశాడు. ఆయన పోయాక భార్య నిలబెట్టుకోలేక అమ్మేసింది. తర్వాత ఎన్నో చేతులు మారింది. కొన్నవాళ్ళలో ఒకరు గోడలకు రంగు పూశారు, ఒకరు గదులు పెంచారు, ఒకరు గుర్రాలు పెంచారు. చివరికి ఒక ట్రస్టు చేతికి వచ్చాక, తర్వాతివాళ్ళు చేర్చినవన్నీ తీసేసి, అధ్యక్షుడి రోజుల్లో ఎలా ఉండేదో అలా చేశారు. ఇంటి కింద, నేలమాళిగలో, అక్కడ పనిచేసినవాళ్ళ గురించి ఇంకో ప్రదర్శన ఉందని గైడు చెప్పాడు. పిల్లలకు ఆకలేస్తోందని మేం కిందికి దిగలేదు. వరండాలో స్తంభాల మధ్య నిలబడి అందరం ఫోటో దిగి వచ్చేశాం.

మా టౌన్‌హౌస్‌ల వరసలో చివరి ఇంట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఒంటరిగా ఉండేది. డెబ్బై దాటిన మనిషి. మా కౌంటీలో ముప్పై ఏళ్ళకు పైగా పసుపు రంగు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, రిచ్‌మండ్‌లో ఉంటాడు. రిటైరైన కొన్నేళ్ళకే ఆవిడకి చూపు మధ్యలోంచి పోవడం మొదలైంది. అంచులు కనిపించేవి, నడుమ ఉన్నది కనిపించేది కాదు. "నీ చెవులు కనిపిస్తున్నాయి హనీ, ముఖమే కనిపించట్లేదు" అనేది నాతో. ఆవిడ అందర్నీ హనీ అనేది. మాట్లాడేది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా పరిచయం ఒక కవరుతో మొదలైంది. మా తలుపు కొట్టి, కవరు చేతికిచ్చి, "ఇది నాకొచ్చిందా, నీకొచ్చిందా?" అని అడిగింది. ఆవిడకే వచ్చింది. చదివి వినిపించాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా తెలుగు చర్చి నుంచి వచ్చాక, సాయంత్రం ఆవిడ వంటింట్లో కూర్చుని ఆ వారం ఉత్తరాలన్నీ చదివిపెట్టేదాన్ని. ఆవిడ పెరట్లో కొలార్డ్స్ అని పెద్దాకుల కూర పెంచేది. ఒక కట్ట కోసి ఇచ్చేది. నేను దాన్ని పప్పులో వేసి వండి ఒక గిన్నె పంపేదాన్ని. మా అమ్మాయి ఆవిడని ఆంటీ అని పిలవడం చూసి వీధిలో పిల్లలందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడకి ఆ పిలుపు నచ్చింది.

చుట్టాలు వెళ్ళిన ఆదివారం, మేం ఎక్కడికి వెళ్ళొచ్చామో చెప్పాను. ఆవిడ నా ఫోన్ అడిగి తీసుకుని, కంటి పక్కకు, దాదాపు చెంపకు ఆనించి పెట్టుకుని చూసింది.

"స్తంభాలు తెలుస్తున్నాయి" అంది. ఫోన్ ఇంకా చెంప దగ్గరే ఉంచుకుని, "మావాళ్ళు అక్కడివాళ్ళే."

"ఆ ఊరివాళ్ళా?"

"ఆ ఇంటివాళ్ళు."

నాకు అర్థం కాలేదు. "అధ్యక్షుడికి బంధువులా?" అని అడిగాను.

"కాదు హనీ. ఆయన సొత్తు."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నేనే ఫోన్ వెనక్కి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు చెప్పింది. ఆ ఇంట్లో బట్టలుతికే ఒక స్త్రీ ఉండేది. ఆమెకి నాలుగేళ్ళ కూతురు. ఆ కూతురే మా ఆంటీకి అమ్మమ్మగారి అమ్మమ్మ. అధ్యక్షుడు పోయాక ఆయన భార్య ఇంటితోపాటు మనుషుల్ని కూడా అమ్మింది. ఉతికే ఆమెని దక్షిణాది నుంచి వచ్చిన వ్యాపారి కొన్నాడు. కొన్నది తల్లిని మాత్రమే. బండి ఎక్కించేటప్పుడు ఆమె కూతురి చెయ్యి పట్టుకుందట. ఎంతమంది లాగినా వదల్లేదట. చివరికి వ్యాపారి విసిగిపోయి ఇద్దరినీ ఎక్కించుకుపోయాడట. బానిసలకి విడుదల వచ్చాక తల్లీ కూతుళ్ళు నడుచుకుంటూ మళ్ళీ ఈ ప్రాంతానికే వచ్చారట.

"మా అమ్మమ్మకి చిన్నప్పుడు ఈ కథ చెప్పింది ఎవరో తెలుసా? ఆ పిల్లే. అప్పటికి ముసలిదైంది. మా ఇంట్లో రోడ్డు దాటేటప్పుడు పిల్లలకి ఇప్పటికీ అదే చెప్తాం, ఆమె పట్టుకున్నట్టు పట్టుకో అని."

తర్వాత నన్ను ఒక మాట అడిగింది. తను చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఒకసారి ట్రక్కులో అటు తీసుకెళ్ళాడట. అప్పుడు ఆ ఇంట్లో డబ్బున్న కుటుంబం ఉండేది. నాన్న ట్రక్కుని గేటు దగ్గరికి కూడా పోనివ్వలేదు. రోడ్డు పక్కన ట్రక్కు ఆపి, దూరంగా చెట్లు చూపించి, మనవాళ్ళ సమాధులు ఆ వెనక ఉన్నాయి అన్నాడు. అంతే, తిరిగి వచ్చేశారు. "నాకు లోపలికి వెళ్ళాలనుంది. బస్సు నడిపే రోజుల్లో తీరలేదు. ఇప్పుడు నడపలేను. నువ్వు తీసుకెళ్తావా?"

అక్టోబరులో ఒక శనివారం వెళ్ళాం. దారిలో ఆవిడ నన్ను అడిగింది, మీవాళ్ళు మీ దేశంలో ఏం చేసేవాళ్ళు అని. "వ్యవసాయం. మా తాతగారికి పొలాలుండేవి" అన్నాను. ఆ మాట నాకు అలవాటే. ఆఫీసులో అడిగినా అదే చెప్పేదాన్ని. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టులో కూడా అదే రాయించాను.

ఈసారి పైగదులకి వెళ్ళలేదు. నేరుగా నేలమాళిగలోకి దిగాం. ఒక గోడ నిండా పేర్లు. పాత కాగితాల్లో దొరికినవట. ఇంటిపేర్లు లేవు, ఒట్టి పేర్లు. ఆవిడ గోడ మీద వేళ్ళు పెట్టి, "చదువు" అంది. పై వరస నుంచి ఒక్కొక్కటే చదివాను. మా వెనక వచ్చిన కుటుంబం కాసేపు నిలబడి విని వెళ్ళిపోయింది. ఉతికే ఆమె పేరు ముగ్గురికి ఉంది. ఆ ముగ్గురిలో ఆమె ఎవరో, అసలు ఉందో లేదో గోడ చెప్పదు.

అక్కడ పాత కాగితాలు చూసే పరిశోధకురాలిని కలిశాం. నాకంటే చిన్నది, ఓపికగా విన్నది. ఆంటీ చెప్పిందంతా రాసుకుని, ఇంకా చదవని కాగితాల పెట్టెలు చాలా ఉన్నాయి, ఏదైనా దొరికితే ఉత్తరం రాస్తాను అంది. తనే మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి ఉతికే గది ఉండిన చోటు చూపించింది. తవ్వితే బయటపడ్డ పునాది రాళ్ళు, పైన గది ఆకారం తెలిసేలా నాలుగు దూలాలు. అధ్యక్షుడి భోజనాల గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించే చోటు. మేం మొదటిసారి వచ్చినప్పుడు ఆ కిటికీ దగ్గర నిలబడి నేను కొండల్ని మెచ్చుకున్నాను.

సమాధులు నిజంగానే చెట్ల వెనక ఉన్నాయి. పేరూ లేదు, శిలువా లేదు. పొలంలో దొరికే మామూలు రాళ్ళు తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి. నేల అక్కడక్కడ లోపలికి కుంగి ఉంది. ముదురాకుపచ్చ తీగ ఒకటి అంతటా అల్లుకుంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఒక్కో రాయి దగ్గర ఆగింది. ఒక రాయి దగ్గర వంగి, దాని మీదున్న ఆకులు తుడిచింది. ఏడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మాత్రం, "మా నాన్న గేటు దాకానైనా వచ్చుంటే బాగుండేది" అంది.

ఉత్తరం వచ్చేసరికి మార్చి నెల అయింది. లావుపాటి కవరు. ఆదివారం దాకా ఆగలేక ఆవిడ మధ్యాహ్నమే ఫోన్ చేసింది. నేను ఆఫీస్ కాల్ మధ్యలోంచి లేచి వెళ్ళాను. లోపల మూడు కాగితాలున్నాయి. పరిశోధకురాలి చిన్న ఉత్తరం, పాత అమ్మకపు జాబితా నకలు, దాన్ని శుభ్రంగా టైపు చేసిన ప్రతి. నకలు మీద రాత చాలా మసకగా, గొలుసుకట్టుగా ఉంది. టైపు చేసింది చదవడం మొదలుపెట్టాను.

ఆవిడ చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, నా ముఖం అంచులు చూస్తూ కూర్చుంది.

"ఒక స్త్రీ" అని చదివి, పేరు చదివాను. ఆ పేరు వినగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. "బట్టలుతికేది. వయసు ఇరవై ఆరు. ఆమె ఆడపిల్ల, నాలుగేళ్ళు."

తర్వాత ఇంకో రెండు మాటలున్నాయి. "ఇక్కడే ఉంచబడింది."

నా కళ్ళు ఆ మాటల్ని చూశాయి. నోరు ఆగిపోయింది. కింది వరసలో వేరే ఎవరి పేరో ఉంటే అది చదివాను. పరిశోధకురాలి ఉత్తరంలో కూడా, ఇది మీకు బాధ కలిగించవచ్చు అని ఒక వాక్యం ఉంది. అదీ వదిలేశాను.

"ఇద్దరూ ఉన్నారు" అంది ఆవిడ. "ఒకే వరసలో."

"ఉన్నారు" అన్నాను. అది అబద్ధం కాదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఆనందంతోనే ఏడ్చింది. కొడుక్కి ఫోన్ చేసింది. టైపు చేసిన కాగితం నన్ను ఇంటికి తీసుకెళ్ళి, స్కాన్ చేసి కొడుక్కి పంపమంది. సరే అన్నాను. తెచ్చి ప్రింటర్ కింది సొరుగులో పెట్టాను. కొడుకు అడిగినప్పుడల్లా ఈ వారం పనెక్కువగా ఉంది, వచ్చే వారం పంపుతానన్నాను. మసకరాత నకలుని ఆవిడ ఫ్రేము కట్టించి వంటింటి గోడకి తగిలించుకుంది. ప్రతి ఆదివారం దాని ఎదురుగా కూర్చునే ఉత్తరాలు చదివాను.

మావారికి చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి, "ఇప్పుడు ఆవిడ హ్యాపీగా ఉంది కదా. ఈ వయసులో ఎందుకు డిస్టర్బ్ చెయ్యడం? నువ్వు చెప్పకపోతే ఆవిడకి ఎలా తెలుస్తుంది?" అన్నారు. నాక్కావలసిన మాట అదే కాబట్టి, సరేనని ఊరుకున్నాను.

వాళ్ళ వంశంలోవాళ్ళంతా రెండేళ్ళకోసారి వేసవిలో కలుస్తారు. ఆ ఏడు ఆ ఇంటి దగ్గరే, సమాధుల పక్క మైదానంలో కలుసుకుందామని ఆవిడ కొడుకు ఏర్పాటు చేశాడు. అలాంటప్పుడు అందరూ ఒకేరకం టీషర్టులు వేసుకోవడం వాళ్ళకి అలవాటు. జూన్‌లో ఒక సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చి నాకో టీషర్టు ఇచ్చింది. ఊదారంగుది. ముందువైపు రెండు చేతులు, ఒక పెద్ద చెయ్యి, అందులో చిన్న చెయ్యి. కింద తెల్లటి అక్షరాలు. "ఆమె వదల్లేదు."

"నువ్వూ మాతో రావాలి. ఆ కాగితం చదివింది నువ్వే కదా" అంది.

టీషర్టు మడిచి అలమారలో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత మా అమ్మాయి ప్రింటర్‌లో పేపర్ అయిపోయిందని సొరుగు తెరిచింది. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. దానికప్పుడు పదహారేళ్ళు.

"మమ్మీ, ఇది ఆంటీ పేపర్ కదా? ఇందులో బేబీ ఇక్కడే ఉంది అని ఉంది. మామ్ ఒక్కరే వెళ్ళింది."

"అవును."

"కానీ షర్ట్ మీద వేరే ఉంది. నువ్వు ఆంటీకి చెప్పలేదా?"

"ఆంటీ బాధపడుతుందని చెప్పలేదు."

"కానీ అది ఆంటీ పేపర్, మమ్మీ" అంది. కాగితం బల్ల మీద పెట్టి పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ పెరట్లో కొలార్డ్స్‌కి నీళ్ళు పోస్తోంది. పైపు కట్టేసి, కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పేశాను. రెండు మాటలు వదిలేశానని, ఆ రెండు మాటలు ఏమిటో చెప్పాను. చేతిలో కాగితం ఉన్నా చూడలేదు, ఆ మాటలు నాకు నోటికొచ్చేశాయి.

ఆవిడ పైపు చుట్ట చుట్టి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "టీషర్టు ఇచ్చినప్పుడు కూడా నీకు తెలుసు?"

"తెలుసు."

"మా ఆయన పోయాడని నాకు ఫోన్‌లో చెప్పారు. బస్సు నిండా పిల్లలున్నారు. అందర్నీ ఇళ్ళ దగ్గర దింపేసి, బస్సు డిపోలో పెట్టి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. నేను వినలేని మాట ఉంటుందని నువ్వెలా అనుకున్నావు?"

నేను కాగితం ఆవిడకి అందించబోయాను.

"నీ కళ్ళు అడిగాను. నా బదులు నిర్ణయించమని అడగలేదు. ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టి వచ్చేశాను. తర్వాత రెండు ఆదివారాలు ఆవిడ పిలవలేదు. పప్పు పంపితే మా అమ్మాయి దగ్గర గిన్నె తీసుకుంది. ఖాళీ గిన్నె కడిగి మా గుమ్మంలో పెట్టింది, తలుపు కొట్టలేదు. ఆ రెండు వారాలూ చర్చిలో కూర్చున్నా నాకు ప్రార్థన సాగలేదు. ఆఫీసు పనిలోనూ మనసు నిలవలేదు. కిటికీలోంచి ఆవిడ కొడుకు కారు రెండుసార్లు కనిపించింది. అతను చదివి వినిపించే ఉంటాడనుకున్నాను.

మూడో ఆదివారం ఫోన్ చేసింది. "చదవడానికి రా" అంది.

వెళ్ళేసరికి కాగితం బల్ల మీద ఉంది. "మా అబ్బాయి చదివాడు. అయినా నువ్వు చదవాలి. మొత్తం చదువు."

చదివాను. పేరు, పని, వయసు, ఆమె ఆడపిల్ల, నాలుగేళ్ళు, ఇక్కడే ఉంచబడింది. ఆ రెండు మాటల దగ్గర ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. పరిశోధకురాలి ఉత్తరం కూడా మొత్తం చదివాను. బాధ కలిగించవచ్చు అన్న వాక్యంతో సహా.

ఆవిడ తల ఊపింది. "ఈ రెండు వారాలూ ఒక్కటే ఆలోచిస్తున్నాను. వదల్లేదు అన్న మాట మొదట ఎవరు చెప్పారు? మా అమ్మమ్మకి చెప్పింది ఆ పిల్లే. అక్కడ మిగిలిపోయిన పిల్ల. తనని వదిలేసి బండి వెళ్ళిపోతే చూసిన పిల్ల. ముసలిదయ్యాక మనవరాలికి, మా అమ్మ నా చెయ్యి వదల్లేదు అని చెప్పింది."

"అలా ఎందుకు చెప్పిందో" అన్నాను.

"అబద్ధం చెప్పిందో, లేక దానికి గుర్తున్నది అంతేనో. వేళ్ళు విడదీసేదాకా పట్టుకునే ఉండుంటుంది. పిల్లకి అదే జ్ఞాపకం ఉండిపోయి ఉంటుంది." ఆవిడ తన చేతులకేసి చూసుకుంది, కనిపించకపోయినా. "తర్వాత ఇద్దరూ కలిసి నడిచొచ్చారు అన్నది మాత్రం కల్పించుకున్నదే. తల్లి తిరిగి రాలేదు. పిల్ల ఎక్కడికీ పోలేదు. మేం ఈ ప్రాంతం దాటకపోవడానికి కారణం అదీ."

కాసేపటికి నన్ను అడిగింది. "నీకు ఆ మాటలు చూడగానే ఎందుకంత భయమేసింది?"

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి. మా తాతకి పొలాలు లేవు. కృష్ణా డెల్టాలో ఒక కామందుగారి పొలాల్లో ఆయన పాలేరు. ఏడాదికింత అని మాట్లాడుకుని కట్టుబడి చేసే మనిషి. మా నాయనమ్మ ఆ కామందుగారి దొడ్లో పేడ ఎత్తేది, వడ్లు దంచేది. వీధి గుమ్మంలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆమెకని ఒక సత్తు గిన్నె చూరులో దోపి ఉంచేవారు, అన్నం పైనుంచి పోసేవారు. మా నాన్న మిషన్ బడిలో చదువుకుని టీచరయ్యాక ఆ ఊరి మాట ఎత్తనివ్వలేదు. పెళ్ళి సంబంధాల దగ్గర మా అమ్మ మొదట అంది, మావాళ్ళకి పొలాలుండేవని. అందరం అదే నేర్చుకున్నాం. నాయనమ్మ మా ఇంట్లోనే పోయింది. ఒక్కసారి కూడా ఆమెని ఏమీ అడగలేదు.

ఆవిడ విన్నది. ఓదార్చలేదు. "మీ అమ్మాయికి తెలుసా?" అని మాత్రం అడిగింది.

"తెలీదు."

"తెలియనివ్వు."

ఆ రాత్రే భోజనాల దగ్గర మా అమ్మాయికి చెప్పాను. మావారు తినడం ఆపి కూర్చున్నారు. అది మొత్తం విని, "మరి నా ప్రాజెక్ట్‌లో ఎందుకు అలా రాశావ్?" అని అడిగింది. సిగ్గేసింది, అందుకే రాయించానన్నాను.

జూలైలో మైదానంలో వాళ్ళవాళ్ళంతా కలిశారు. నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. ఎక్కడ చూసినా ఊదారంగు టీషర్టులే. కొన్నవి కొన్నారు కాబట్టి వేసుకోక తప్పలేదు. భోజనాలయ్యాక ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఎండ బాగా ఉంది. మైకు లేకుండానే మాట్లాడింది. బస్సులో పిల్లల్ని అదుపు చేసిన గొంతు, అందరికీ వినిపించింది. కాగితంలో ఏముందో పొల్లుపోకుండా చెప్పింది. తల్లిని ఒక్కదాన్నే అమ్మారని, పిల్ల ఆ ఇంట్లోనే ఉండిపోయిందని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. కాగితాన్ని ముందు సరిగా చదవలేదు అని మాత్రం అంది.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన టీషర్టు మీద అక్షరాలకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో ఏడ్చారు. ఆవిడ కొడుకు తల్లి భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఎవరో ఒకరు ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉంటారు. లేకపోతే నాలుగేళ్ళ పిల్ల ఎలా బతుకుతుంది? ఈ షర్టు అబద్ధమేం కాదు" అన్నాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. "అది నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలియని మాట ఇంకోసారి షర్టు మీద వేయించొద్దు."

అయినా ఆ ప్రశ్న ఆవిడని పట్టుకుంది. ఆ పిల్లని ఎవరు పెంచారు? జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకున్నారు? తల జడలు ఎవరు అల్లారు? పాత కాగితాలు చూసే ఆమెకి నా చేత ఉత్తరం రాయించింది. జవాబులు వచ్చినప్పుడల్లా చదివాను, ఒక్క మాట వదలకుండా. అమ్మకం జరిగిన ఏటి జాబితాలో ఆ ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ పేర్లు వచ్చాయి. వంట చేసేది, నూలు వడికేది, పాలు పితికేది. ఆ పిల్లని పెంచింది వీళ్ళలో ఎవరైనా అయ్యుండొచ్చని పరిశోధకురాలు రాసింది. ఆవిడ ఆ పేర్లు కంఠస్థం చేసింది. భోజనం ముందు ప్రార్థనలో వరసగా అన్నీ చెప్పేది. పెంచింది ఎవరో తెలీదు గనక అందరికీ కృతజ్ఞతలు అనేది.

శరదృతువులో ఇంకోసారి వెళ్ళాం. పాలు పితికే ఆమె ఉన్న చోటు, వంటిల్లు ఉన్న చోటు చూపించమని అడిగి, రెండు చోట్లా నిలబడింది. వంటిల్లు నుంచి ఉతికే గదికి ఎన్ని అడుగులో నడిచి చూసింది. నాలుగేళ్ళ పిల్ల తనంతట తాను నడవగలిగే దూరమే అంది. మెట్ల దగ్గర ఊపిరి అందక ఆగిపోయింది. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పిన సంగతి అప్పటిదాకా నాకు చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేర్చారు. చివరి వారం నేను రోజూ ఆఫీసయ్యాక వెళ్ళాను. చూపు అంచులు కూడా పోతున్నాయి. ఒక సాయంత్రం, "ఉత్తరం ఏమైనా వచ్చిందా?" అని అడిగింది. ఏమీ రాలేదు. వచ్చిందని చెప్పి, ఏదో ఒక పేరు చెప్తే ఆవిడ నమ్మేది. నా నోటిదాకా వచ్చింది కూడా.

"రాలేదు ఆంటీ" అన్నాను.

"సరే" అంది. కళ్ళు మూసుకుంది. రెండు రోజుల తర్వాత పోయింది.

వాళ్ళ చర్చిలో అంత్యక్రియలకి మా తెలుగు చర్చి వాళ్ళు కూడా కొందరు వచ్చారు. మా అమ్మాయి నా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఏడ్చింది. పాస్టరు ఆవిడ నడిపిన బస్సు గురించి, ఎక్కిన పిల్లల గురించి చెప్పాడు. ఆ ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెరట్లో కొలార్డ్స్ మంచుకి వాలిపోయి ఉన్నాయి. నెల తిరక్కుండా ఇల్లు అమ్మకానికి పెట్టారు.

ఏప్రిల్‌లో, కొత్తవాళ్ళు ఇంకా దిగకముందు, ఆవిడ పేరు మీద ఒక కవరు వచ్చింది. కొడుకు చెప్పి ఉంచాడు గనక పోస్ట్‌మ్యాన్ మా ఇంట్లో ఇచ్చాడు. అతనికి ఫోన్ చేసి, చించమంటావా అని అడిగాను. చించి చదవమన్నాడు. మరో జాబితా దొరికిందని రాసింది పరిశోధకురాలు. ఆరేళ్ళ తర్వాతది. అందులో ఆ పిల్ల పేరు ఉంది. వయసు పది. నూలు వడకడం అని రాసుంది. పెద్దవాళ్ళ కింద పిల్లల పేర్లు కలిపి రాసిన ఆ జాబితాలో, ఆమె పేరు మాత్రం ఎవరి కిందా లేదు. విడిగా, ఒక వరసలో ఒక్కటే ఉంది. ఇంతకు మించి ఇక దొరకకపోవచ్చని, క్షమించమని రాసింది.

అదంతా నెమ్మదిగా చదివాను.

"అంతేనా?" అన్నాడు అతను.

"అంతే" అన్నాను.